రికార్డులు ఆపి వాద్యాలతో జానపద నృత్యాలు నేర్పాలంటే ముందు ఏం మార్చుకోవాలి?

చదివే మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను. ఇరవై మంది దాకా ఉన్న బృందానికి వారం వారం బల్గేరియన్, గ్రీకు, బ్రెటన్ (ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతానివి), ఇంగ్లిష్ నృత్యాలు రికార్డులు పెట్టి నేర్పుతున్నారు. ఈమధ్య వయొలిన్, అకార్డియన్, డోలు వాయించేవాళ్లు ముగ్గురు వచ్చి చేరారు. అప్పట్నుంచీ పాట ఒక దారి, అడుగులు ఒక దారి. వేగం చేయి దాటిపోతోంది. మీరు అడుగులు చూపిస్తున్నంతసేపూ వాద్యకారులు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటున్నారు. మళ్లీ రికార్డులకే పోదామా, లేక వాటిని పూర్తిగా మానేద్దామా అన్నది మీ సందేహం.

వాద్యకారుల్లో లోపం వెతక్కండి. మీరు చెప్పినదాన్నిబట్టి చిక్కంతా నృత్యాల ఎంపికలో, నేర్పే క్రమంలో ఉంది. రికార్డు ఎవరికోసమూ ఆగదు. అందుకే రికార్డుతో నేర్పేవాళ్లం 'పాట మొదలయ్యాక పదహారు లెక్కపెట్టి కదలండి, మూడోసారి వచ్చినప్పుడు మాత్రం వెనక్కి తిరగండి' అన్న పద్ధతికి అలవాటు పడిపోతాం. వాద్యం ఆగగలదు, నెమ్మదించగలదు, ఒకే ముక్కను పదిసార్లు తిప్పగలదు. ఆ సౌకర్యం వాడుకోకుండా ముగ్గురు మనుషుల్ని టేప్ రికార్డర్‌లా నిలబెడితే రికార్డులో ఉన్న కచ్చితత్వం పోతుంది, వాద్యంలో ఉన్న వెసులుబాటూ దక్కదు.

ఎంపికతో మొదలుపెడదాం. అంతర్జాతీయ జానపద నృత్యం పేరుతో ఇవాళ మనం చేసేదాంట్లో చాలా భాగం 1930లు, 40ల్లో అమెరికాలో ఒక కాలక్షేపంగా స్థిరపడింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో సాంగ్ చాంగ్ 1938లో పెట్టిన బృందం, న్యూయార్క్‌లో మైకేల్, మేరీ ఆన్ హెర్మన్ దంపతులు నడిపిన కూడికలు దానికి దారి వేశాయి. నేర్పడం విస్తరించేకొద్దీ గ్రామఫోన్ రికార్డు తప్పనిసరి అయింది, దాంతోపాటు నృత్యం రికార్డుకు తగ్గట్టు మారడమూ మొదలైంది. 'మిసిర్లూ' సంగతే తీసుకోండి. 1945లో పిట్స్‌బర్గ్‌లోని డుకేన్ విశ్వవిద్యాలయంలో గ్రీసులోని క్రీట్ ద్వీపపు సిర్తోస్ (గొలుసుగా ఆడే నృత్యం) అడుగు ఒకటి నేర్పాలనుకున్నారు. దానికి తగిన రికార్డు దొరకలేదు. చేతికందిన 'మిసిర్లూ' పాట పెట్టి, అడుగును దాని నెమ్మదికి సరిపెట్టారు. అది కాస్తా గ్రీకు నృత్యంగా ప్రపంచమంతా పాకింది. (ఆ పాట స్వరాలు మాయామాళవగౌళ స్వరాలే. మీ వయొలిన్ ఆయనకు కర్ణాటక సంగీతం వచ్చుంటే ఆ మాట చెప్పండి, సగం పని అయిపోతుంది.)

ఇది ఎందుకు చెప్పానంటే, మీ జాబితాలో రెండు జాతుల నృత్యాలు కలిసిపోయి ఉంటాయి. కొన్ని ఫలానా రికార్డులోని ఫలానా అమరికకు కట్టినవి. అందులో పాట నాలుగు చోట్ల మలుపు తిరుగుతుంది, అడుగూ అక్కడే మారుతుంది. వాటిని వాద్యంతో చేయాలంటే మీ ముగ్గురూ ఆ రికార్డును అచ్చు దించాలి. ఏడాది దాకా వాటి జోలికి పోకండి. మిగతావి ఒకటే చిన్న అడుగుల వరుసను పాట ఉన్నంతసేపూ తిప్పేవి. బల్గేరియన్ ప్రావో, మాసిడోనియన్ లెస్నోతో, గ్రీకు సిర్తోస్, బ్రిటనీ నుంచి వచ్చిన ఆన్ డ్రో, హాంటర్ డ్రో ఈ కోవవి. ఏ పాటకు ఎన్నిసార్లు తిప్పినా నృత్యం చెడదు. ఊళ్లల్లో పుట్టినవి ఎక్కువగా ఇలాగే ఉంటాయి, ఎందుకంటే అవి పుట్టినప్పుడు వాద్యకారుడు ఎదురుగానే ఉన్నాడు.

అడుగులూ పాటా కలవడం లేదన్నారు కదా. అది ప్రావో దగ్గర జరిగుంటే అసలు తప్పే కాదు. ప్రావో అడుగు మామూలుగా ఆరు లెక్కలది: కుడి, ఎడమ, కుడి వేసి ఆగడం, ఎడమ వేసి ఆగడం. అంటే 2/4లో, బారుకు (ఆవర్తానికి) రెండేసి లెక్కల చొప్పున, మూడు బార్లు. పాట మాత్రం ఎనిమిదేసి బార్ల ముక్కలుగా నడుస్తుంది. మూడూ ఎనిమిదీ 24 బార్లకు గాని మళ్లీ ఒకేచోట మొదలు కావు. మధ్యలో ఆడేవాళ్ల కుడికాలు పాటలో ఒక్కోసారి ఒక్కో చోట పడుతూ పోతుంది. దాని అందం ఆ జారుడులోనే ఉంది. ఈ సంగతి తెలియని వయొలినిస్టు 'వీళ్లు తప్పారు' అనుకుని ఓ రెండు బార్లు కలిపో, తీసేసో కాపాడబోతాడు. మీరేమో పాట మొదలైనప్పుడల్లా 'ఇప్పుడు కుడికాలు' అని అరుస్తారు. అక్కడితో రెండూ పోతాయి.

దీనికి పూర్తిగా విరుద్ధం జంటలు వలయంలో ఆడే సర్కాసియన్ సర్కిల్, ఎదురెదురు వరుసల్లో ఆడే కాంట్రా లాంటివి. అక్కడ పాట 32 బార్లు: ఒక ఎనిమిది రెండుసార్లు, ఇంకో ఎనిమిది రెండుసార్లు. అడుగుల్లో లెక్కపెడితే 64. లోపలికి వెళ్లి రావడం, జంట తిరగడం, పక్కవాళ్ల దగ్గరికి మారడం అన్నీ ఆ ముక్కల మీదే కూర్చుంటాయి. వాద్యకారుడు మరచిపోయి ఒక ఎనిమిదిని ఒక్కసారే వాయిస్తే హాలంతా గందరగోళం. కాబట్టి ప్రతి నృత్యానికి ముందు వాద్యకారులకు ఒక్క మాట చెప్పండి: ఇది పాటకు కట్టుబడిందా, తాళానికి మాత్రమే కట్టుబడిందా? పాటకు కట్టుబడిందైతే వాళ్లు లెక్క తప్పకూడదు. తాళానికే అయితే వాళ్లిష్టం, ఎన్ని పాటలైనా మార్చుకోవచ్చు. ఈ ఒక్క అలవాటుతో మీ గొడవ సగానికి తగ్గుతుంది.

ఇప్పుడు బేసి తాళాలు. ఇంగ్లిష్ పుస్తకాలు చదివి 'వన్ టూ త్రీ ఫోర్ ఫైవ్ సిక్స్ సెవెన్' అని లెక్కపెట్టించే అలవాటు ఉంటే వెంటనే మానేయండి. ఏడు లెక్కపెడితే కాలు ఏడు అడుగులు వేయబోతుంది. లెస్నోతోలో ఏడు లెక్కల బారుకు ఉండేవి మూడు అడుగులే: ఒకటి పొడుగు, రెండు పొట్టి. తకిట, తక, తక అని డోలాయన నోటితో చెప్తుంటే చాలు, ప్రతి ముక్క మొదటి అక్షరం మీద ఒక అడుగు. మిశ్రచాపు విన్న చెవికి ఇది కొత్తేమీ కాదు. గ్రీకు కలమత్యానోస్ కూడా ఇదే విభజన, నడక మాత్రం చురుకు. బల్గేరియన్ రచెనిట్సా దీన్ని తిరగేస్తుంది: తక, తక, తకిట. పైదుష్కో ఐదు: తక, తకిట, అచ్చం ఖండచాపు. దైచోవో తొమ్మిది, అందులో పొడుగు ముక్క చివర్లో వస్తుంది. కోపానిట్సా పదకొండు, పొడుగు ముక్క సరిగ్గా నడుమ ఉంటుంది: తక, తక, తకిట, తక, తక. ఇవన్నీ ఒకేసారి ముట్టుకోకండి. మొదటి కొన్ని నెలలు లెస్నోతో ఒక్కటే, అదీ నెమ్మదిగా. రచెనిట్సా తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడ వాద్యకారులు పడే గోతి ఒకటుంది. పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు 3+2+2ను తెలియకుండానే 4+2+2గా సాగదీస్తారు. వింటే దాదాపు అలాగే అనిపిస్తుంది, అడుగు మాత్రం మొద్దుబారి మామూలు నడకైపోతుంది. ఒంట్లో ఉండాల్సిన ఆ చిన్న తొట్రుపాటు మాయమవుతుంది. పరీక్ష ఏమిటంటే, వయొలిన్, అకార్డియన్ ఆపించి డోలు ఒక్కటే వాయించమనండి, మిగతావాళ్లంతా 'తక'ల మీద చప్పట్లు కొట్టాలి. చప్పట్లు ఒత్తుకుపోతుంటే సరిగ్గా ఉన్నట్టు, తీరిగ్గా పడుతుంటే సాగదీస్తున్నట్టు. బాల్కన్ (బల్గేరియా, మాసిడోనియా, గ్రీసు) వైపు వాడే తపాన్ అనే రెండు ముఖాల డోలు చూడండి. ఒక చేతిలో లావు కర్ర, ఇంకో చేతిలో సన్నని పుల్ల. లావు కర్ర అడుగు పడేచోట మోగుతుంది, పుల్ల మధ్య సందుల్ని నింపుతుంది. మీ డోలాయనకు పరికరం ఏదైనా సూత్రం అదే: ముందు కాళ్లకు దరువు చెప్పాలి, సోకులు తర్వాత.

ఇక మీ అసలు ఇబ్బంది, నేర్పేటప్పుడు వాళ్లు ఖాళీగా ఉండటం. నేను చేసే పద్ధతి చెప్తాను. నేర్పేటప్పుడు ముగ్గురిలో ఒక్కరే వాయిస్తారు, మిగతా ఇద్దరూ వాద్యాలు కింద పెట్టి వలయంలోకి వచ్చి చేతులు పట్టుకోవాలి. తర్వాతి నృత్యానికి ఇంకొకరి వంతు. తాను ఒక్కసారైనా ఆడని నృత్యానికి ఎవరూ వాయించకూడదన్నది నా నియమం, ఇందులో మొహమాటం లేదు. మొదట్లో వయొలినిస్టులు ముక్కుతూ మూలుగుతూ వస్తారు. ఒకసారి పాదం నేల మీద ఎక్కడ బరువు పెడుతుందో తెలిశాక వాళ్ల విల్లు మారుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆన్ డ్రో ఎలా నేర్పుతానో చూడండి. అందరూ చిటికెనవేళ్లు కొక్కేల్లా తగిలించుకుంటారు. వరుస ఎడమకు కదులుతుంది, బ్రెటన్ నృత్యాల్లో అదే దిశ. బాల్కన్‌లో ఎక్కువ భాగం కుడికి పోతాయి, అక్కడ నడిపేవాడు కుడి కొసన ఉంటాడు, ఇక్కడ ఎడమ కొసన. నేను మాటలేం చెప్పను. వరుస తలలో నిలబడి నోటితో కూనిరాగం తీస్తూ నడవడం మొదలుపెడతాను: ఎడమ, కుడి, ఎడమ, ఆగు. ఉన్నచోటే కుడి, ఎడమ, కుడి, ఆగు. అంతే. ఐదారుసార్లు తిరిగేసరికి వెనకవాళ్ల కాళ్లు పట్టేస్తాయి. అప్పుడు వయొలిన్ నా కూనిరాగం మీదకి మెల్లగా వచ్చి చేరుతుంది, నేను నోరు మూసుకుంటాను. కాళ్లు కుదిరాక చేతులు: కదిలే నాలుగు లెక్కల్లో ఒంటివైపుకు చుట్టుకుంటూ పైకి, నిలబడ్డ నాలుగు లెక్కల్లో ముందుకు విప్పుకుంటూ కిందకి. చేతులు చెప్పగానే కాళ్లు మరిచిపోతారు, అది మామూలే. వయొలిన్ ఆగకూడదు. ఆపి వివరించి మళ్లీ మొదలెట్టడం కన్నా పదిసార్లు తప్పుగా తిరిగి పదకొండోసారి దొరకబుచ్చుకోవడం త్వరగా అవుతుంది. రికార్డుతో ఈ పని కుదరదు. మూడు నిమిషాలకు పాట అయిపోతుంది.

పాట పాడేవాళ్లుంటే వాద్యం కూడా అక్కర్లేదన్న సంగతి చాలామంది మరిచిపోతారు. బ్రిటనీలోనే కాన్ హ డిస్కాన్ అని ఇద్దరు గాయకులు ఎదురుబదురుగా పాడే పద్ధతి ఉంది. మొదటివాడి చరణం చివరి అక్షరాల్ని రెండోవాడు అందుకుని కలిపి పాడి, చరణాన్ని తాను తిరగపాడతాడు. మధ్యలో ఊపిరికి కూడా ఖాళీ పడదు, నాట్యం ఆగదు. 1950ల్లో లోయిజ్ రోపార్స్ ఆ పద్ధతికి మళ్లీ ప్రాణం పోశాకే ఫెస్ట్ నోజ్ అనే రాత్రి కూడికలు ఇప్పటి రూపానికి వచ్చాయి. 2012లో యునెస్కో జాబితాలోకీ ఎక్కాయి. ఫెరో దీవుల్లో పాత కథాగేయాలు పాడుకుంటూ ఎడమకు రెండు, కుడికి ఒకటి అడుగేస్తూ గొలుసుగా తిరుగుతారు, ఏ వాద్యమూ లేదు. కాబట్టి ఒక వారం అకార్డియనిస్టు రాలేదని రికార్డు పెట్టేయకండి.

మీలాంటి ప్రయత్నానికి అన్నిటికన్నా మంచి నమూనా హంగరీలో ఉంది. 1972లో బుడాపెస్ట్‌లో తాంత్స్‌హాజ్ ('నాట్యశాల') ఉద్యమం మొదలైంది. ఫెరెంత్స్ షెబో, బేలా హల్మోష్ అనే కుర్ర వాద్యకారులు, షాందోర్ తిమార్ లాంటి నాట్యాచార్యులు దాని వెనక ఉన్నారు. ట్రాన్సిల్వేనియాలోని (ఇప్పుడది రొమేనియాలో ఉంది) సేక్ అనే ఊరి నాట్యాలూ ఆ కూడిక పద్ధతీ వాళ్లకు ఆదర్శం. మొదటి కూడిక నాట్య బృందాలవాళ్ల కోసమే. తర్వాత తలుపులు అందరికీ తెరిచారు. తిమార్ పట్టుబట్టింది ఏమిటంటే, వేదిక మీద చూపడానికి కట్టిన వరుసలు కాకుండా నాట్యాన్ని మాతృభాషలా నేర్పాలి, నేర్చుకున్నవాడు తనంతట తాను అల్లుకోగలగాలి. అది రికార్డుతో జరిగే పని కాదు. అక్కడి బృందం నిర్మాణం చూడండి: ముందు వయొలిన్ పట్టిన ప్రిమాష్, పక్కన కోంత్రా అనే మూడు తీగల వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది), మంద్ర స్వరాలకు ఒక బాస్. కోంత్రా మీద తీగల్ని మోసే వంతెన (బ్రిడ్జ్) బల్లపరుపుగా ఉంటుంది, మూడు తీగలూ ఒకేసారి మోగి దరువూ శ్రుతీ రెండూ ఇస్తాయి. ప్రిమాష్ కళ్లు ఆడేవాళ్ల మీద ఉంటాయి, ఎప్పుడు పాట మార్చాలో అక్కడే చూసుకుంటాడు. 2011లో యునెస్కో దీన్ని సంరక్షణలో మంచి పద్ధతుల పట్టికలో చేర్చింది. మీ ముగ్గురు కాగితం చూసి వాయిస్తుంటే మాత్రం ఇవేవీ కుదరవు. కళ్లు కాగితం మీద ఉంటే కాళ్లు ఎవరు చూస్తారు?

అందుకే పాటల సంఖ్య తగ్గించండి. నృత్యానికో పాట అని ముప్పై పాటలు నేర్చుకునే బదులు లెస్నోతోకు మూడు, ప్రావోకు మూడు, ఆన్ డ్రోకు రెండు, కాంట్రాలకు వాయించే 32 బార్ల చురుకైన పాటలు, అంటే రీళ్లు, ఓ నాలుగు కంఠతా పట్టమనండి. ఒకే నృత్యంలో ఆ మూడూ వరసగా వాయిస్తే ఆడేవాళ్లకు కొత్త ఊపు వస్తుంది. అకార్డియన్‌కు ఒక జాగ్రత్త: బాల్కన్ పాటల్లో చాలావాటికి కింద ఆధార శ్రుతి పట్టుకుంటే చాలు. ప్రతి స్వరానికీ ఒక కార్డ్ (కలిపి మోగే స్వరాల గుత్తి) నొక్కితే పాట రంగు పోతుంది, ఎడమ చేతి హోరులో దరువు వినపడదు.

వేగం సంగతి. కాలం పరుగెత్తడానికి కారణం సాధారణంగా ఉత్సాహం కాదు, ఎవరు కాలం పట్టుకోవాలో తేల్చుకోకపోవడం. డోలు వయొలిన్‌ను అందుకోబోతుంది, వయొలిన్ డోలును. ఆ పని ఒక్కరికి అప్పజెప్పండి, నా ఓటు డోలుకే. ఆయన చూడాల్సింది వరుసలో అందరికన్నా తడబడే మనిషి పాదాలు. బాగా ఆడేవాళ్లను చూస్తే ఆయనా వాళ్లతో ఎగిరిపోతాడు. మొదలుపెట్టే ముందు వరుస నడిపే మనిషి ఒక బారు నడిచి చూపాలి, వాద్యం ఆ నడకనే ఎత్తుకోవాలి. అలాగని మరీ నెమ్మదిగా వాయించడమూ ప్రమాదమే. ఎగురుళ్లు ఉన్న నృత్యాన్ని సగం వేగంలో నేర్పలేరు, గాల్లో అంతసేపు ఎవరూ ఉండలేరు. ఎగురు తీసేసి అక్కడ మడమ కొద్దిగా ఎత్తడం నేర్పండి. వేగం పెరిగేకొద్దీ ఆ మడమ ఎత్తడమే ఎగురు అవుతుంది. కాంట్రాలకు నిమిషానికి 110 నుంచి 120 దెబ్బలు మంచి నడక, కొత్తవాళ్లున్నప్పుడు దిగువనే ఉండండి.

ఎత్తుగడ, ముక్తాయింపు ముందే మాట్లాడుకోండి. అమెరికన్ ఫిడేలు వాళ్లు విల్లుతో నాలుగు దెబ్బల దరువు వేసి పాటలోకి దిగుతారు, ఆడేవాళ్లకు అదే సైగ. ముగింపుకు చేయెత్తడం గానీ కాలెత్తడం గానీ పెట్టుకోండి, సైగ చివరి ఆవర్తం మొదట్లోనే చేయాలి, చివర్లో కాదు. సైగ కనపడాలంటే వాద్యకారులు వేదిక మీద దూరంగా ఉండకూడదు. ఇరవై మందే కాబట్టి వాళ్లను వలయం మధ్యలో కూర్చోబెట్టండి. అందరికీ ఒకే దూరంలో ఉంటారు, మైకులు అక్కర్లేదు. మైకు అవసరమైతే మీ గొంతుకే. డోలుకు మైకు పెట్టారో, ప్రతిధ్వని వచ్చే హాలైతే ఏ దెబ్బ అసలుదో ఏది నకలో తెలియదు. మీరు మధ్యలో నిలబడి చూపిస్తే ఎదుటివాళ్లకు కుడి ఎడమ తారుమారవుతుంది కాబట్టి కొత్త అడుగును మూసిన వలయంలో కాకుండా తెరిచిన వరుసలో, మీరు తలలో ఉండి నేర్పడం మేలు.

రికార్డులు మానేయాలా? అక్కర్లేదు. ఆ రికార్డు కోసమే పుట్టిన నృత్యాలు కొన్ని బాగుంటాయి, వాద్యకారులు విశ్రాంతి తీసుకునేటప్పుడు అవి పెట్టండి, వాళ్లూ వచ్చి ఆడతారు. పాట నేర్చుకోవడానికి వాళ్లు ఇంట్లో రికార్డులు వినాల్సిందే. నోటేషన్‌లో ఆ పొడుగు పొట్టి విరుపు దొరకదు. నేర్పే గంటలో మాత్రం రికార్డును ఆసరాగా పెట్టుకోకండి.

నృత్యం ఎక్కడిదో రెండు ముక్కల్లో చెప్పి వదిలేయండి. ఒకే పాటను రెండు మూడు దేశాలు తమదంటాయి, ఆ తగవులో తీర్పు మన పని కాదు. మీ బృందంలోకి ఆ ప్రాంతం మనిషి ఎవరైనా వస్తే వరుస తల వాళ్లకు ఇచ్చేయండి. వాళ్ల అడుగు మీరు నేర్పినదానికి వేరుగా ఉంటే ఆ రోజుకు వాళ్లదే అడుగు.

నేల చెక్కదా, సిమెంటుదా రాయలేదు. సిమెంటైతే ఎగురుళ్ల నృత్యాలు గంటలో ఒకటికి మించనీయకండి, పిక్కలు పట్టేస్తాయి. మీ వయొలిన్ ఆయన చెవితో పడతారా, కాగితం చూసా అన్నదీ చెప్పండి, దాన్నిబట్టి లెస్నోతోకు ఎలాంటి పాటలు ముందు ఎత్తుకోవాలో రాస్తాను.